బెక్కీ ఎక్కిన మెట్లకి డబ్బు కట్టిందెవరు?

కింది మెట్టు నుంచి గొప్పోళ్ల ఇళ్లలోకి పాకాలని చూసే ఆడపిల్ల కథ అనగానే ఇంగ్లీషు నవలలు చదివేవాళ్లు ముందు చెప్పే పేరు బెక్కీ షార్ప్. విలియం మేక్‌పీస్ థాకరే రాసిన ‘వానిటీ ఫెయిర్’లో ఉంటుంది ఆవిడ. ఈ నవల 1847 జనవరి నుంచి 1848 జులై దాకా లండన్‌లో నెలకో భాగంగా, పసుపు అట్టతో, ఒక్కోటి ఒక షిల్లింగు ధరకి వచ్చింది. బొమ్మలు కూడా థాకరేయే వేసుకున్నాడు. పుస్తకంగా వేసినప్పుడు ‘నాయకుడు లేని నవల’ అని కింద ఇంకో ముక్క తగిలించాడు. నాయకుడు లేడు సరే, నాయిక మాత్రం ఉంది, అదీ మామూలుగా కాదు, పుస్తకం మూసేశాక మిగతావాళ్లంతా కలగాపులగం అయిపోయినా ఆవిడ ఒక్కత్తీ గుర్తుండిపోయేంతగా.

బెక్కీ గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా రెండు గుంపులు. ఒక గుంపుకి ఆవిడ పచ్చి మోసగత్తె, మొగుణ్ణి, స్నేహితురాల్ని, కన్నకొడుకుని కూడా వాడుకుని వదిలేసిన మనిషి. ఇంకో గుంపుకి ఆవిడ తిరుగుబాటుదారు, డబ్బూ వంశమూ లేని పిల్ల తెలివి ఒక్కటే పెట్టుబడిగా పెట్టి దొరల లోకాన్ని ఆడించిన వీరనారి. ఈ రెండో మాట ఈ మధ్య బాగా చెల్లుబాటు అవుతోంది, సినిమాలు కూడా దాన్నే పట్టుకున్నాయి. రెండిట్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఈ రెండు గుంపులూ పెద్దగా పట్టించుకోని ఒక సంగతి నవల నడుమ బాహాటంగా రాసి ఉంది: బెక్కీ ఎక్కిన ప్రతి మెట్టుకీ ఎవరో ఒకరు డబ్బు కట్టారు, ఆ కట్టినవాళ్లు దాదాపు ఎప్పుడూ ఆవిడకన్నా చిన్నవాళ్లే. థాకరే ఆవిడ శీలం గురించి తీర్పు చెప్పకుండా తప్పించుకుంటాడు గానీ బాకీల దగ్గరికొచ్చేసరికి పైసాతో సహా లెక్క రాస్తాడు.

కథ లండన్ పక్కన చిజ్‌విక్‌లో ఒక ఆడపిల్లల బడి దగ్గర మొదలవుతుంది. ఇద్దరమ్మాయిలు చదువు ముగించుకుని బండెక్కుతారు. అమీలియా సెడ్లీ స్టాక్ వ్యాపారి కూతురు, అందరికీ ముద్దు. బెక్కీ తండ్రి బొమ్మలు నేర్పే మాస్టారు, తాగి, అప్పులు చేసి చచ్చిపోయాడు. తల్లి ఫ్రెంచి నాట్యకత్తె. బడిలో బెక్కీ ఫీజు కట్టే పిల్ల కాదు, చిన్నపిల్లలకి ఫ్రెంచి చెప్పి దానికి బదులుగా ఉండే పిల్ల. బడి వదిలే ప్రతి అమ్మాయికీ ప్రధానోపాధ్యాయురాలు జాన్సన్ నిఘంటువు ఒకటి బహుమతిగా ఇవ్వడం రివాజు, బెక్కీకి మాత్రం ఇవ్వద్దంటుంది. ప్రధానోపాధ్యాయురాలి చెల్లెలు మనసు ఊరుకోక దొంగచాటుగా ఒకటి తెచ్చి బండి కదులుతుంటే చేతిలో పెడుతుంది. బెక్కీ దాన్ని కిటికీలోంచి తోటలోకి విసిరికొడుతుంది. వందల పేజీల నవలకి ఇంతకన్నా మంచి ఎత్తుగడ దొరకడం కష్టం. ఒక సంగతి గమనించాలి, ఆ పుస్తకం ఇవ్వనన్న పెద్దావిడకి తగలలేదు దెబ్బ, జాలిపడి తెచ్చిచ్చిన అమాయకురాలికి తగిలింది. నవల పొడుగునా ఇదే వరస.

బెక్కీ తన తల్లి గురించి చెప్పేటప్పుడు నాట్యకత్తె అని పొరపాటున కూడా అనదు, ఫ్రాన్సులో గాస్కనీ ప్రాంతపు గొప్ప వంశం అంటుంది. మా తాతలు నేతులు తాగారు మా మూతులు వాసన చూడండి అన్న సామెత ఉంది కదా, బెక్కీది అంతకంటే ఒక ఆకు ఎక్కువ, ఎందుకంటే ఆవిడ పైకి వెళ్లేకొద్దీ ఆవిడ పూర్వీకుల హోదా కూడా పెరుగుతూ పోయిందని థాకరే చల్లగా ఒక వాక్యం రాసి ముందుకి సాగిపోతాడు.

మొదటి ప్రయత్నం అమీలియా అన్న జోస్ మీద. లావుపాటి మనిషి, పిరికివాడు, తిండిపోతు, ఈస్టిండియా కంపెనీ కొలువులో బెంగాల్ వైపు ‘బాగ్లీ వాలా’ అనే జిల్లాకి కలెక్టరు. ఊరి పేరు థాకరే కల్పించిందే, ఇంగ్లీషువాళ్ల చెవికి మన ఊళ్ల పేర్లు ఎలా వినిపించేవో ఎగతాళి చేస్తున్నట్టు ఉంటుంది. భోజనాల బల్ల దగ్గర జోస్ కోసం ఇండియా పద్ధతిలో వండిన కూర వస్తుంది. బెక్కీకి ఆ కారం అలవాటు లేదు, అయినా ఇండియా అంటే తనకెంత ఇష్టమో చూపించాలి కాబట్టి పెద్ద ముద్ద తీసుకుంటుంది. నోరు భగ్గుమంటుంది. పక్కనుంచి జోస్ పచ్చిమిరపకాయ నంజుకోమంటే అదేదో చల్లటి వస్తువనుకుని అదీ కొరుకుతుంది, ఇక ఆగలేక నీళ్లు నీళ్లు అని అరుస్తుంది. తండ్రీకొడుకులు పగలబడి నవ్వుతారు. మామూలు పిల్లయితే ఏడ్చేసి గదిలోకి పరిగెత్తేది. ఈవిడ కోపం దిగమింగి, అరేబియన్ రాత్రుల కథల్లో పర్షియా రాజకుమారి మీగడ రొట్టెల్లో మిరియాలు వేసిన సంగతి ముందే గుర్తుపెట్టుకోవాల్సింది, మీ ఇండియాలో మీగడ రొట్టెల్లో కూడా కారం వేస్తారాండీ అని నవ్వుతూ అడుగుతుంది. అంత మంటలోనూ ఆ మాట తట్టడం చూస్తే ఈ పిల్ల ఎంత దూరం పోగలదో తెలిసిపోతుంది.

ఈ కలెక్టరు వెక్కిరింత థాకరేకి పరాయి సంగతి కాదు. ఆయన పుట్టిందే 1811లో కలకత్తాలో. తాత సిల్హెట్‌లో ఏనుగులు పట్టించి కంపెనీకి అమ్మి సంపాదించినవాడు, తండ్రి కంపెనీ అధికారి. పెదనాన్న విలియం థాకరే మన సీడెడ్ జిల్లాల్లో, అంటే ఇప్పటి రాయలసీమ వైపు, మన్రో దొర కింద పనిచేశాడు. ఒక బాబాయి 1824లో కిత్తూరు దగ్గర రాణి చెన్నమ్మ సైన్యంతో జరిగిన పోరులో చచ్చిపోయాడు. తండ్రి పోయాక చిన్నపిల్లాడిగా ఇంగ్లండు ఓడెక్కాడు, దారిలో సెయింట్ హెలీనా దీవిలో ఖైదులో ఉన్న నెపోలియన్‌ని దూరం నుంచి చూశాడు. వాడు రోజుకి మూడు గొర్రెల్ని, దొరికితే చిన్నపిల్లల్ని తింటాడని నౌకరు చెప్పాడట. యుక్తవయసులో చేతికొచ్చిన ఆస్తిలో కొంత జూదంలో పోయింది, పెద్ద మొత్తం 1833 ప్రాంతంలో కలకత్తా ఏజెన్సీ కంపెనీలు వరసగా కుప్పకూలినప్పుడు పోయింది. అంటే ఇండియా సొమ్ముతో లేచిన కుటుంబం ఎలా ఉంటుందో, ఒక్క బ్యాంకు దెబ్బకి అది ఎలా పడిపోతుందో ఆయనకి ఇంట్లోనే తెలుసు. నవల రాసేనాటికి ఆయన పత్రికలకి రాసి రాసి పొట్ట పోసుకుంటున్న మనిషి. బాకీల గురించి అంత వివరంగా రాయడానికి కారణం వేరే వెతకక్కర్లేదు.

జోస్ సంబంధం తప్పిపోతుంది. అమీలియాకి కాబోయే మొగుడు జార్జి ఆస్బార్న్‌కి, ఒక గవర్నెస్ తనకి వదినగారు కావడం నచ్చదు. గవర్నెస్ అంటే గొప్పింట్లో ఉండి పిల్లలకి చదువు చెప్పే టీచరమ్మ, పనివాళ్లకి ఎక్కువ, ఇంటివాళ్లకి తక్కువ. ఆ ఉద్యోగానికి బెక్కీ క్వీన్స్ క్రాలీ అనే పల్లెటూరి బంగళాకి పోతుంది. సర్ పిట్ క్రాలీ బిరుదున్న జమీందారు, పార్లమెంటులో కూర్చునే మనిషి, కానీ కొవ్వొత్తి ముక్కలు కూడా లెక్కపెట్టే పిసినారి, మురికి బట్టలు, బూతు నోరు, ఎప్పుడూ కోర్టు వ్యాజ్యాలు. ఆయన సవతి సోదరి, మిస్ క్రాలీ అనే పెళ్లికాని ముసలావిడకి 70,000 పౌండ్ల ఆస్తి ఉంది. నవల్లో ఇక ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది గొడవంతా. బ్యాంకులో నిలవున్న ముసలావిడకి ఎంత గౌరవం వస్తుందో అని థాకరే అక్కడో చురక వేస్తాడు. ఆవిడ వస్తోందంటే తన్నుకు చచ్చే అన్నదమ్ములు కూడా ఒకే బల్ల మీద నవ్వుతూ భోంచేస్తారు, కోళ్లు కోస్తారు, ఆవిడ కుక్కకి కూడా మర్యాదలు జరుగుతాయి. మన దగ్గర పిల్లల్లేని పెద్దమ్మ ఇంటికి పండక్కి ఎవరెవరు ముందు పోతారో చూసినవాళ్లకి ఈ అధ్యాయాలకి వ్యాఖ్యానం అక్కర్లేదు.

మిస్ క్రాలీ పైకి మాత్రం పెద్ద విప్లవవాది. గోడ మీద ఇంగ్లీషు రాజకీయ నాయకుడు ఫాక్స్ బొమ్మలు, నోట్లో సమానత్వం మాటలు. వంశమేమిటి, బెక్కీ ఈ ఊళ్లో అందరికన్నా తెలివైంది, ప్రేమించి లేచిపోయి పెళ్లాడేవాళ్లంటే నాకెంతో ఇష్టం అంటుంది. తీరా తనకిష్టమైన మేనల్లుడు, సర్ పిట్ చిన్న కొడుకు రాడన్ క్రాలీ అదే బెక్కీని రహస్యంగా పెళ్లాడేసరికి మూర్ఛలు వచ్చి, వీలునామా మార్చేసి, చచ్చేదాకా మొహం చూడదు. సరిగ్గా ఆ రోజుల్లోనే భార్య పోయిన సర్ పిట్ స్వయంగా మోకాళ్ల మీద కూర్చుని నన్ను పెళ్లాడమని బెక్కీని అడుగుతాడు. కొడుకుతో పెళ్లయిపోయింది కాబట్టి బిరుదున్న దొరసాని అయ్యే అవకాశం చేతులారా జారిపోయింది. నవల మొత్తంలో బెక్కీ నిజంగా ఏడ్చిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఇది ఒకటి. ముసలాడు పోతే విధవ జమీందారిణి అయ్యుండేది కదా అని ఏడుపు.

తర్వాత వాటర్లూ, నెపోలియన్ ఆఖరి యుద్ధం. చాలామంది యుద్ధాన్ని తుపాకుల వైపు నుంచి రాస్తారు, థాకరే బ్రస్సెల్స్ ఊళ్లో మిగిలిపోయిన ఆడవాళ్ల వైపు నుంచి, వ్యాపారం వైపు నుంచి రాశాడు. యుద్ధానికి పోయే ముందు రాడన్ కూర్చుని తాను చచ్చిపోతే భార్య ఏవేవి అమ్ముకోవచ్చో జాబితా రాసుకుంటాడు: గుర్రాలు, జీను, కోటు, తుపాకులు, ఏది ఎంత పలుకుతుందో. తను కెప్టెన్ మార్కర్‌ని కాల్చిన పిస్తోళ్ల జత 20 పౌండ్లు అని కూడా ఉంటుంది అందులో. కొత్త యూనిఫాం ఆవిడ కోసం ఉంచేసి, చిరిగిపోయిన పాతది తొడుక్కుని పోతాడు. చదువురాని, జూదగాడైన ఆ మొద్దు సైనికుడి ప్రేమ అంతా ఆ జాబితాలో ఉంది. మొగుడు అటు పోగానే బెక్కీ ఆ లెక్కలు తీసుకుని కూర్చుని, మొత్తం మీద తన పరిస్థితి ఏమంత తీసికట్టుగా లేదని తేల్చుకుంటుంది. రెండు రోజులకి ఫ్రెంచివాళ్లు వచ్చేస్తున్నారని ఊరంతా గగ్గోలెత్తి, జోస్ పారిపోడానికి గుర్రాల కోసం వెతుకుతుంటే, తన దగ్గరున్న గుర్రాలు అతనికి కళ్లు తిరిగే ధరకి అమ్ముతుంది. అమీలియా మొగుడు జార్జి గుండెల్లో గుండు దిగి బోర్లా పడి చచ్చిపోయాడన్న సంగతి థాకరే ఒకే ఒక్క వాక్యంలో చెప్పి అధ్యాయం ముగిస్తాడు. అంతకు మూడు రోజుల ముందు, విందులో, అదే జార్జి బెక్కీకి పూలగుత్తిలో రహస్యంగా ఒక చీటీ పెట్టి ఇచ్చాడు.

ఈ యుద్ధానికి ముందే, నెపోలియన్ ఎల్బా దీవి నుంచి తిరిగొచ్చిన వార్తకి షేర్ల ధరలు పడిపోయి అమీలియా తండ్రి సెడ్లీ ఐపీ పెట్టేస్తాడు. ఇక్కడ నవల్లో పైకి రావడం గురించిన అతి పదునైన పరిశీలన ఒకటుంది. సెడ్లీ మీద అందరికంటే ఎక్కువ కసిగా పడే అప్పులవాడు పెద్ద ఆస్బార్న్, జార్జి తండ్రి. ఒకప్పుడు ఆ ఆస్బార్న్‌కి వ్యాపారంలో చెయ్యందించి నిలబెట్టింది ఈ సెడ్లీయే. మేలు పొందినవాడు మేలు చేసినవాణ్ణి అవసరంలో వదిలేయాలంటే, అవతలివాడు దుర్మార్గుడని ముందు తనకి తాను నమ్మబలుక్కోవాలి, లేకపోతే తనే దుర్మార్గుడని తేలుతుంది కదా, అందుకే వాళ్ల కసి పరాయి అప్పులవాళ్ల కసికన్నా ఎక్కువ అంటాడు థాకరే. ఊళ్లో ఎవరైనా చితికిపోయినప్పుడు బంధువుల మాటలు వింటే ఇది ఎంత నిజమో తెలుస్తుంది. ఆస్బార్న్ కూడా బెక్కీలాగే కింద నుంచి వచ్చినవాడే, కాకపోతే ఒక తరం ముందు వచ్చాడు, మగవాడిగా వచ్చాడు, కాబట్టి ఆయన్ని ఎవరూ ఎగబాకేవాడు అనరు, మర్యాదస్తుడు అంటారు.

ఇక అసలు అధ్యాయాల దగ్గరికి వద్దాం. 36వ అధ్యాయం పేరు ఏడాదికి ఏమీ లేకుండా బాగా బతకడం ఎలా అని. యుద్ధం తర్వాత రాడన్ దంపతులు పారిస్‌లో వెలగబెట్టి, లండన్ రావాలంటే పాత అప్పులవాళ్లు జైల్లో పెట్టిస్తారు కాబట్టి, ముందు బెక్కీ ఒక్కత్తీ వచ్చి వాళ్లతో బేరం కుదుర్చుకుంటుంది. 1,500 పౌండ్ల నగదు చేతిలో పెట్టి దానికి పదింతలు పైబడిన బాకీలు కొట్టేయిస్తుంది. మీకు ఇంతకంటే రాదు, కావాలంటే తీసుకోండి అన్న పద్ధతి. వకీళ్లు కూడా మెచ్చుకున్నారట.

తర్వాత మేఫెయిర్‌లో కర్జన్ వీధిలో ఇల్లు. ఆ ఇంటి యజమాని రాగిల్స్. ఇతను క్రాలీ వాళ్ల తోటమాలి కొడుకు, ఆ ఇంట్లోనే కింది పనిలో చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి, మిస్ క్రాలీ దగ్గర బట్లర్ అయ్యాడు. వంటావిడని పెళ్లి చేసుకున్నాడు. మొగుడూ పెళ్లాం పాలు, గుడ్లు, పంది మాంసం అమ్మే చిన్న కొట్టు పెట్టుకుని, కూడబెట్టిన డబ్బుకి తోటి బట్లర్ దగ్గర ఎక్కువ వడ్డీకి తెచ్చిన కొంత కలిపి, వేలంలో ఆ ఇంటిని సామాన్లతో సహా పాడుకున్నారు. సొంత శ్రమతో పైకొచ్చిన మనిషి ఎవరైనా ఉంటే నవల మొత్తానికి ఇతనే. క్రాలీ వంశం అంటే ఇతనికి భక్తి, ఆ ఇంటి అబ్బాయి వచ్చి అద్దెకి అడిగితే మహాభాగ్యం అనుకున్నాడు. ఇల్లివ్వడమే కాదు, విందులు జరిగితే తనే బట్లర్‌గా నిలబడి వడ్డించేవాడు, పెళ్లాం వంట చూసేది. అద్దె రాలేదు. ఇంటి పన్నులు, తోటి బట్లర్‌కి వడ్డీ, పిల్లల బడి ఖర్చు, ఆఖరికి రాడన్ ఇంట్లో వాళ్లు తిన్న తిండీ తాగిన సారా డబ్బులు కూడా కొన్నాళ్లు ఇతని నెత్తినే పడ్డాయి.

ఆ ఇంట్లో ఎవరికీ డబ్బు ముట్టలేదు అంటూ థాకరే ఒక జాబితా ఇస్తాడు: తాళం బాగుచేసిన కమ్మరికి ముట్టలేదు, అద్దం బిగించినవాడికి ముట్టలేదు, బండి అద్దెకిచ్చినవాడికి, ఆ బండి తోలినవాడికి, మాంసం ఇచ్చిన కసాయికి, ఆ మాంసం కాల్చిన బొగ్గులకి, దాన్ని వండిన వంటావిడకి, దాన్ని తిన్న పనివాళ్లకి, ఎవ్వరికీ ముట్టలేదు. వాక్యం అలా సాగుతుంటే ముందు నవ్వొస్తుంది, సగంలోకి వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. చివరికి రాగిల్స్ పిల్లలు వీధిన పడ్డారు, అతను అప్పులవాళ్లని పెట్టే ఫ్లీట్ జైలుకి పోయాడు. గమ్మత్తు ఏమిటంటే థాకరే ఈ సంగతి కథలో ఆ ఘట్టం రాకముందే, మొదట్లోనే చెప్పేస్తాడు. అంటే ఆ తర్వాత కర్జన్ వీధి ఇంట్లో జరిగే ప్రతి పాటకచేరీ, ప్రతి చమత్కారం, లార్డులు వరసకట్టిన ప్రతి సాయంత్రం, ఎవరి ఖర్చు మీద జరుగుతోందో పాఠకుడికి ముందే తెలుసు. అయినా బెక్కీ నోరు తెరవగానే మర్చిపోతాం. ఇది కావాలని వేసిన ఉచ్చు అనిపిస్తుంది. ఆవిడ మాటలకి నవ్వుతూ ఆవిడ పక్షాన చేరిపోయి, పక్కన పళ్లెం పట్టుకుని నిలబడ్డ బట్లర్‌ని చూడకుండా ఉండడం నవల్లోని లార్డులే కాదు, చదివేవాళ్లు కూడా చేస్తారు.

బ్రిగ్స్ కథ ఇంకో రకం. మిస్ క్రాలీ దగ్గర తోడుగా ఉండి తిట్లు తిన్న పేద ముసలి మనిషి, ఆవిడ పోయాక వచ్చిన కాస్త సొమ్మూ బెక్కీ చేతిలో పెట్టింది. బెక్కీని ఆదుకుంటున్న ముసలి జమీందారు లార్డ్ స్టెయిన్ ఒకరోజు బ్రిగ్స్‌ని పంపించెయ్యమంటే, ఆవిడకి బాకీ ఉన్నాను, ఎలా పంపను అంటుంది బెక్కీ. ఎంత అని అడిగితే అసలు బాకీకి దాదాపు రెట్టింపు చెబుతుంది. డబ్బు వస్తుంది. అందులోంచి బ్రిగ్స్‌కి ఒక మంచి నల్ల సిల్కు గౌను కొని, ముద్దుపెట్టి ఇస్తుంది. రాగిల్స్ పిల్లల క్షేమం అడిగి అతని చేతిలో 50 పౌండ్లు పెడుతుంది, బండి అద్దెకిచ్చేవాడికీ అంతే. మిగతాదంతా పెట్టెలోకి. మొత్తం ఎగ్గొడితే గొడవ చేస్తారు, కాస్త ముట్టజెబితే ఇంకా అప్పిస్తారు. కిరాణా కొట్టు ఖాతా నడిపినవాళ్లందరికీ తెలిసిన సూత్రం ఇది, బెక్కీ దాన్ని కళ స్థాయికి తీసుకెళ్లింది.

ఆ ఊపులోనే రాజుగారి దర్బారుకి కూడా పోయి నాలుగో జార్జి ముందు వంగి దండం పెట్టి వస్తుంది. దర్బారులో పరిచయమైతే ఆ ఆడమనిషి శీలానికి ప్రభుత్వ ముద్ర పడ్డట్టే అని అప్పటి లెక్క. ఆ రోజు ఆవిడ కట్టిన జరీ బట్ట, లేసులు, బావగారి, అంటే రాడన్ అన్న పిట్, పాత ఇంట్లో బీరువాలు సర్దుతూ ఎవరికీ చెప్పకుండా తెచ్చుకున్నవి. వజ్రాల్లో కొన్ని బావగారిచ్చినవి, కొన్ని స్టెయిన్‌వి. బావగారికి స్టెయిన్ వజ్రాల సంగతి తెలీదు, మొగుడికి రెండూ తెలీవు.

పతనం 166 పౌండ్ల చిల్లర బాకీతో వస్తుంది. రాడన్‌ని ఒక రాత్రి అప్పు కింద పట్టుకుపోతే, విడిపించమని భార్యకి చీటీ రాస్తాడు. ఒంట్లో బాలేదు, డబ్బు కోసం తిరుగుతున్నాను అని తియ్యగా జవాబు వస్తుంది. తోటికోడలు లేడీ జేన్ డబ్బు కట్టి విడిపించాక ఇంటికి వచ్చి చూస్తే బెక్కీ నగలతో, పక్కన స్టెయిన్. రాడన్ అతన్ని కొట్టి పడేస్తాడు, ఆవిడ నగలన్నీ తీయిస్తాడు, పెట్టె తెరిస్తే నోట్ల మధ్య 1,000 పౌండ్ల నోటు ఒకటి. అప్పుడు రాడన్ అనేది ఒక్కటే మాట: “ఇంత డబ్బులోంచి నాకో వంద పౌండ్లు ఇచ్చుండొచ్చుగా బెక్కీ. నా దగ్గరున్నది నేనెప్పుడూ నీతో పంచుకున్నాను కదా.” ఆవిడ నిజంగా తప్పు చేసిందా లేదా అన్నది థాకరే తేల్చడు, చేసిందో లేదో ఎవరికి తెలుసు అని పక్కకి తప్పుకుంటాడు. చాలామందికి ఇది పిరికితనంగా అనిపించింది, ఆ కాలపు పత్రికల భయం కొంత ఉండే ఉంటుంది కూడా. కానీ రాడన్‌ని విరిచేసింది మాత్రం దాచిపెట్టిన ఆ వెయ్యి. మర్నాడు ఆ ఇంటి డ్రాయింగు రూములో, లార్డులు కూర్చున్న సోఫా మీద వంటావిడ, పక్కనే రాగిల్స్ పెళ్లాం, వంటావిడ ఆమెకి మద్యం పోస్తోంది. ఫ్రెంచి పనమ్మాయి అప్పటికే దొరికిన నగానట్రా పట్టుకుని ఉడాయించింది.

తనకి ఏడాదికి 5,000 పౌండ్లు ఉంటే తానూ మంచి ఆడదాన్నే అయ్యేదాన్నని బెక్కీ ఒకచోట అనుకుంటుంది. ఈ నవల్లో ఎక్కువమంది ఎత్తి చూపే వాక్యం ఇదే. థాకరే దాన్ని కొట్టిపారేయడు. తాబేలు మాంసం విందు తిని బండెక్కిన పెద్దమనిషి దారిలో దిగి మాంసం ముక్క దొంగిలించడు, అదే పస్తులు పెట్టి చూడండి, రొట్టె దొంగిలిస్తాడో లేదో అంటాడు. బాగానే ఉంది, కానీ తన నవలే దీనికి సగం జవాబు. సర్ పిట్‌కి డబ్బుంది, మిస్ క్రాలీకి ఉంది, స్టెయిన్‌కి లెక్కలేనంత ఉంది, వాళ్లలో మంచి ఎవరికుంది? ఉన్న తేడా ఒకటే, వాళ్లు ఎగ్గొట్టినా వాళ్ల ఇంటికి కసాయివాడు వచ్చి సోఫాలో కూర్చోడు. మరోవైపు రాగిల్స్‌కి, బ్రిగ్స్‌కి 5,000 కాదు కదా అందులో ఇరవయ్యో వంతు కూడా లేదు, వాళ్లు ఎవర్నీ ముంచలేదు.

నవల్లో లోపాలు లేవని కాదు. అమీలియా భాగాలు సాగదీతగా ఉంటాయి, చచ్చిన మొగుడి బొమ్మ ముందు పెట్టుకుని ఆవిడ ఏడుస్తుంటే, కిరాణా వ్యాపారి కొడుకు డాబిన్ ఏళ్ల తరబడి వెనక తిరుగుతుంటే విసుగొస్తుంది. డాబిన్ చిన్నప్పుడు బడి ఫీజు తండ్రి పంచదార, సబ్బులు, కొవ్వొత్తుల రూపంలో కట్టేవాడని తోటి పిల్లలు ఏడిపించిన ముక్క మాత్రం బావుంటుంది. వెస్టిండీస్ నుంచి వచ్చిన నల్లజాతి రక్తమున్న ధనవంతురాలు మిస్ స్వార్ట్జ్ మీద, అప్పుల ఖైదు నడిపే యూదుల మీద వేసిన జోకులు ఈరోజు చదవడానికి ఇబ్బందిగా ఉంటాయి. అన్ని దొంగ హోదాల్నీ ఎండగట్టినవాడు తన తెల్లతనపు హోదాని మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు.

తెర మీదకి బెక్కీ చాలాసార్లు వచ్చింది. 1935లో ఆవిడ పేరుతోనే వచ్చిన సినిమా మూడు రంగుల టెక్నికలర్‌లో మొదటి నుంచి చివరిదాకా తీసిన మొదటి పూర్తి నిడివి సినిమా. 2004లో మీరా నాయర్ తీసిన సినిమా చివర్లో బెక్కీ జోస్‌తో కలిసి ఇండియా వచ్చేసి ఏనుగెక్కుతుంది. తాత ఏనుగులమ్మిన రచయిత కథకి ఆ ముగింపు ఒక రకంగా కుదిరింది గానీ, థాకరే రాసింది అది కాదు. నవల్లో ఏళ్ల తరబడి యూరప్ ఊళ్లలో చిన్న చిన్న జూదపు గదుల్లో తిరిగాక బెక్కీకి మళ్లీ జోస్ దొరుకుతాడు. దాచి ఉంచిన జార్జి పూలగుత్తి చీటీ చూపించి అమీలియా కళ్లు తెరిపించేదీ అప్పుడే, ఒక్క మంచి పని చేసిన చోట. ఆ తర్వాత జోస్ ఆవిడ గుప్పిట్లో ఉండి, భయంతో వణుకుతూ, జర్మనీ ఊరు ఎక్స్-లా-షాపెల్‌లో చచ్చిపోతాడు. ఆస్తిగా మిగిలింది 2,000 పౌండ్ల జీవితబీమా, అందులో సగం అమీలియాకి, సగం బెక్కీకి. ఇంత నల్లటి కేసు నా జన్మలో చూడలేదని బీమా కంపెనీ వకీలు మొత్తుకుంటాడు. జోస్‌ది హత్య అని నవల్లో ఎక్కడా చెప్పలేదు. బెక్కీ తరఫు లాయర్ల పేర్లు మాత్రం ఉన్నాయి: బర్క్, థర్టెల్, హేస్. ముగ్గురూ ఇంగ్లండు, స్కాట్లండుల్లో పేరుమోసిన హంతకులు, చివరి పేరు మీద, అంటే మొగుణ్ణి చంపించి 1726లో మరణశిక్ష పడిన కాథరిన్ హేస్ మీద, థాకరే అంతకుముందే ఒక నవల కూడా రాసి ఉన్నాడు.

చివరికి బీమా కంపెనీ డబ్బు కట్టింది. అమీలియా మొగుడు డాబిన్ తమ వాటా తాకకుండా తిప్పి పంపాడు. బెక్కీ బాత్‌లో, చెల్టెన్‌హామ్‌లో గుళ్లకి పోతూ, బీదలకి దానధర్మాలు చేస్తూ, విరాళాల సంతల్లో కొట్టు పెట్టుకుని అమ్ముతూ మంచి పేరు తెచ్చుకుంది. ఆ దానాల జాబితాలో నిరుపేద పళ్లమ్మే ఆడవాళ్లున్నారు, ఇబ్బందుల్లో పడ్డ ఇంకెవరెవరో ఉన్నారు. కర్జన్ వీధి రాగిల్స్‌కి బాకీ తీర్చినట్టు మాత్రం ఏ పేజీలోనూ లేదు.